బోధన్‌లో ఫ్లెక్సీ కొట్టించాలంటే ఈ షాపుకే వెళ్లండి, పార్టీ ఏదైనా సరే

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయట్లేదు. ఓనరే వద్దన్నాడు. "అన్నా, నాకు మూడు పార్టీలోళ్లూ గిరాకీయే, నువ్వు ఏదో ఒకటి రాస్తవు, ఎవడో ఒకడు మొకం మాడ్చుకుంటడు, నాకెందుకు లొల్లి" అన్నాడు. బోధన్ బస్టాండు నుంచి శక్కర్‌నగర్ వైపు వచ్చే దారిలో ఎవర్నడిగినా చూపిస్తారు. షాపు ముందు కట్టె ఫ్రేములు గోడకు ఆనించి ఉంటాయి, వాటిలో కనీసం ఒక్క నాయకుడైనా తలకిందులుగా దండం పెడుతూ నవ్వుతుంటాడు. అదే గుర్తు.

నేను వెళ్లింది మా స్కూలు బ్యాచ్ కలుసుకునే ప్రోగ్రామ్ కోసం. 2015లో మూతపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పెరిగిన వాళ్లం అందరం. ఇప్పుడు సగం మంది దుబాయ్, మస్కట్, ఇంకో సగం హైదరాబాద్, ఊళ్లో ఉన్న నలుగురైదుగురి మీదే పనులన్నీ పడ్డాయి. స్టేజీ వెనక్కి పది బై ఎనిమిదిది ఒకటి, గేటు దగ్గర కట్టడానికి చిన్నవి రెండు కావాలి. నిజామాబాద్‌లో కొట్టిస్తే క్వాలిటీ బాగుంటుందని మస్కట్ వాడు వాట్సాప్‌లో ఒకటే పోరు. వాడికి అక్కణ్నుంచి చెప్పడం తేలిక, ఇక్కడ బస్సులో రోల్ పట్టుకొచ్చేది ఎవరు?

క్వాలిటీ సంగతి. నార్మల్ ఫ్లెక్స్, స్టార్ ఫ్లెక్స్, బ్లాక్ బ్యాక్ మూడూ ఉన్నాయి. రెండు రోజుల ఫంక్షన్‌కు నార్మల్ చాలు, షాపు బోర్డుకైతే స్టార్ తీసుకోండి, దాని ముందు లైటు పెట్టినా వెనక పెట్టినా బాగుంటుంది. రోడ్డుకు రెండు వైపుల నుంచీ ఎండ పడే చోట కట్టేదైతే బ్లాక్ బ్యాక్ తీసుకోండి, లేకపోతే వెనక నుంచి వెలుగు కొట్టి మొహాలు పాలిపోతాయి. ఈ మాట ఓనరే చెప్పాడు. ఎక్కువ రేటుది అంటగట్టే ఉద్దేశం ఉంటే మాకు నార్మల్ చాలని ఎందుకంటాడు? రేటు అడుగు లెక్కన, ఫ్రేము కట్టిస్తే దానికి వేరే, కట్టడానికి మనిషిని పంపిస్తే అదీ వేరే. బేరం ఆడొచ్చు గానీ మరీ లాగితే పల్చటి మెటీరియల్ మీద కొడతాడు, ఆ సంగతి మొహం మీదే చెప్తాడు కూడా.

ప్రింటు మాత్రం బాగా వచ్చింది. మెషీన్ దగ్గర నిలబడి చూడనిస్తాడు, అది నాకు నచ్చింది. హెడ్డు అటూ ఇటూ జరుగుతుంటే ఒక్కో అంగుళం బొమ్మ బయటికొస్తుంది, ముందు చెట్ల కొమ్మలు, తర్వాత మా పేర్లు, తర్వాత కింద ఫోన్ నంబర్లు. ఎక్కడా గీతలు పడలేదు. వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది, సాల్వెంట్ ఇంకు, అలవాటు లేనివాళ్లకు తలనొప్పి ఖాయం. ఆరకముందే చుట్టి తీసుకెళ్తే ఒక దానికొకటి అంటుకుంటాయి, కాసేపు ఫ్యాను కింద పరచమని అడగండి.

అసలు కథ డిజైన్ దగ్గర మొదలైంది. బ్యాక్‌గ్రౌండ్‌లో మన ఫ్యాక్టరీ చిమ్నీ ఉండాలి అన్నాం. మా దగ్గరున్న ఫోటోలన్నీ ఫోన్లో తీసినవి, పెద్దది చేస్తే పగిలిపోతున్నాయి. ఓనరు "చిమ్నీయా? మస్తు క్లారిటీది ఉంది నా దగ్గర" అని ఒక ఫోల్డర్ తెరిచాడు. నిజం చెప్తున్నా, అందులో ఉన్నది ఈ ఊరి ఇరవై ఏళ్ల రాజకీయం మొత్తం. గులాబీ రంగుది ఒకటి, మూడు రంగులది ఒకటి, కాషాయంది ఒకటి, ఎర్రది ఒకటి, అన్నింట్లో అదే చిమ్నీ, అదే కోణం, కింద అదే చెట్టు. ఫోటోషాప్‌లో ఆ ఫైల్ తెరిస్తే పక్కన లేయర్లు కనిపిస్తాయి కదా, అందులో ఒకదాని పేరు 'పొగ'. దాని పక్కనున్న కన్ను బొమ్మ నొక్కితే చిమ్నీలోంచి తెల్లటి పొగ వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. ఎన్నికల ఫ్లెక్సీకి పొగ ఆన్. కార్మికుల దీక్ష ఫ్లెక్సీకి పొగ ఆఫ్. ఫైల్ ఒక్కటే.

"మీకు పొగ కావాల్నా, వద్దా?" అని చాలా మామూలుగా అడిగాడు, అంచుకు బార్డర్ కావాలా అన్నట్టు. మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గ్రూపులో పెడితే అరగంట గొడవ. ఒకడు పొగ లేకపోతే శ్మశానంలా ఉంటుందన్నాడు, ఇంకొకడు లేని పొగ పెట్టడానికి మనమేమన్నా ఓట్లడుగుతున్నామా అన్నాడు. చివరికి పెట్టించాం. మా చిన్నప్పుడు ఉండింది కాబట్టి మా బ్యానర్ మీద అది అబద్ధం కాదని ఒకమ్మాయి తీర్పు చెప్పింది, దాంతో సద్దుమణిగింది.

బయటి ఊళ్లవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1930ల చివర్లో మొదలైంది, ఆసియాలోకెల్లా పెద్దదని మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజాంసాగర్ కాలువ నీళ్లు, చుట్టూ చెరకు, మధ్యలో ఈ ఫ్యాక్టరీ, దాని చుట్టూ ఊరు. 2002లో తెలుగుదేశం ప్రభుత్వం ఉన్నప్పుడు 51 శాతం ప్రైవేటు చేతికి వెళ్లింది. తర్వాత 2004లో వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం హయాంలో దాని మీద విచారణకు అసెంబ్లీ హౌస్ కమిటీ వేశారు, ఫ్యాక్టరీ మాత్రం వెనక్కి రాలేదు. 2014లో కేసీఆర్ గారు అధికారంలోకి వస్తే 100 రోజుల్లో స్వాధీనం చేసుకుంటామన్నారు. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ పడింది, అంటే పని ఆపేసి కార్మికుల్ని ఇంటికి పంపేశారు, బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ దగ్గర మంబోజిపల్లి కూడా. మహారాష్ట్రలో లాగా రైతులే సహకార సంఘం పెట్టి నడుపుకోవాలన్న మాట కొన్నాళ్లు నడిచింది. 2019కి వ్యవహారం కంపెనీల ట్రిబ్యునల్‌లో లిక్విడేషన్ దాకా, అంటే ఆస్తులమ్మి బాకీలు తీర్చే దాకా పోయింది. 2023లో కాంగ్రెస్ మళ్లీ తెరిపిస్తామంది, గెలిచాక 2024 జనవరిలో శ్రీధర్ బాబు గారి అధ్యక్షతన కమిటీ వేసింది, బ్యాంకుల బాకీలు సెటిల్ చేస్తున్నామని చెప్పింది. అంటే ఈ ఊరికి దాదాపు ప్రతి ఎన్నికకూ ఒకే హామీ వచ్చింది, రంగు మారిందంతే. ఓనరు ఫోల్డర్‌లో ఇదంతా తేదీల వారీగా ఉంది.

అతనికంటే ముందు వాళ్ల నాన్న ఇదే పని గోడల మీద చేసేవాడట. క్రషింగ్ సీజన్‌లో ఫ్యాక్టరీలో సీజనల్ వర్కర్, సీజన్ అయిపోయాక బ్రష్షు, డబ్బా పట్టుకుని గోడరాతలు. 'ప్రైవేటీకరణ ఆపాలి' అని ఒక గోడ మీద, ఆ పక్క గోడ మీద ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీ గుర్తు. "మా బాపుకు నాకూ తేడా ఏందంటే అన్నా, బాపు రాసేటప్పుడు నిజమని నమ్మి రాసేటోడు, అందుకే అక్షరాలు అంత అందంగ ఉంటుండె" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనైతే ఆ మాటకు సగం మాత్రమే ఒప్పుకుంటా, డబ్బులిస్తే ఎవరి గుర్తయినా వేసినవాడు మరీ అంత నమ్మి రాశాడని నాకనిపించదు. కానీ అక్షరాలు అందంగా ఉన్న మాట నిజం, స్కూలు వెనక గోడ మీద ఒకటి వెలిసిపోయి చాలాకాలం ఉండేది.

షాపులో ఒక స్టూలు ఉంటుంది, దాని మీద పొద్దున్నుంచీ ఒక పెద్దాయన. ప్యాన్ హౌస్‌లో చేసి రిటైరయ్యాడు, రసం ఉడికి పలుకు కట్టే చోటు అది, పలుకు ఎప్పుడు పట్టిందో గాజు పలక మీద చుక్క వేసి చూసి చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆయన చూసేది స్క్రీన్ మీది ప్రూఫులు. పిలవకపోయినా వచ్చి చూస్తాడు. మేమున్నప్పుడే ఒక పార్టీ కుర్రాళ్లు వచ్చి సభ ఫ్లెక్సీ డిజైన్ చేయించుకుంటున్నారు, ఫ్యాక్టరీ మాట కూడా ఉంది అందులో. ఆయన కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి, "బిడ్డా, తారీఖు వెయ్యకున్రి, వచ్చే ఎలక్షన్ల కూడ పనికొస్తది" అన్నాడు. కుర్రాళ్లకు కోపం వస్తుందేమో అనుకున్నా. నవ్వేశారు, తారీఖు మాత్రం తీయించలేదు. వాళ్లలో ఒకడు ఇంకో మాటన్నాడు, అది నాకు ఇంకా గుర్తుంది. మా ప్రూఫ్‌లో చిమ్నీ చూసి "అన్నా ఇదేంది, ఇటుక బట్టీయా?" అని అడిగాడు. వాడిది పక్క మండలంలో ఊరు, వయసు ఇరవై కూడా ఉండదేమో. వాడి తప్పేం లేదు. లేఆఫ్ నాటికి వాడు మూడో క్లాసో నాలుగో క్లాసో.

ఆ ఫైళ్లలో ఇంకో తమాషా చూడండి. 2014 వాటిలో చిమ్నీ ఫ్లెక్సీలో సగం ఉంటుంది, నాయకుడి తల కంటే ఎత్తు. 2018కి వచ్చేసరికి మూలకు పోయింది, పెన్షన్, రైతుబంధు, కల్యాణలక్ష్మి ముందుకొచ్చాయి, చిమ్నీ పోస్టల్ స్టాంపంత. ఆ ఎన్నికలో బోధన్ మళ్లీ టీఆర్ఎస్‌నే గెలిపించింది కూడా. 2023లో మళ్లీ పెద్దదైంది. హైదరాబాద్‌లో ఉండే మా వాళ్లు కొందరు "మీ ఊళ్లో జనం ఓట్లమ్ముకుంటారు, అందుకే ఫ్యాక్టరీ పోయింది" అని తీర్పులిస్తుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడి జనం ఓటెయ్యడం మానలేదు, లైన్లో నిలబడతారు, ముసలివాళ్లను ఆటో ఎక్కించి తీసుకెళ్తారు. పెన్షన్ ఎవరు సరిగ్గా ఇస్తారు, వడ్లు ఎవరు టైముకు కొంటారు అని లెక్క వేసుకునే వేస్తారు. ఆ లెక్కలో ఫ్యాక్టరీ లేదంతే. దాన్ని లెక్కలోంచి తీసేయకుండా ఇన్నిసార్లు ఓటెయ్యడం ఎవరి వల్లయినా అవుతుందా?

2019 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నాయా? నిజామాబాద్‌లో 178 మంది రైతులు నామినేషన్లు వేశారు, పసుపుకు, ఎర్రజొన్నకు ధర కోసం. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో బూతులో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది. దేశమంతా మన జిల్లా గురించి మాట్లాడుకుంది. "అంతమంది నిలబడితే నాకు పండగే అనుకున్న, ఒక్కడు కూడా ఫ్లెక్సీ కొట్టియ్యలే" అని ఓనరు ఇప్పటికీ బాధపడతాడు. నిజమే కదా, వాళ్లు గెలవడానికి నిలబడలేదు, ఫ్లెక్సీ ఎందుకు? సిట్టింగ్ ఎంపీగా ఉన్న కవిత గారు ఓడిపోయారు, పసుపు బోర్డు తెస్తానని బాండు పేపర్ మీద రాసిచ్చిన అర్వింద్ గారు గెలిచారు. ఆలోచించండి, నోటిమాట చాలక, మేనిఫెస్టో చాలక, అప్పు ఇచ్చేటప్పుడు రాయించుకున్నట్టు బాండు పేపర్ మీద రాసిస్తే తప్ప జనం వినని స్థితి వచ్చింది. బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో వచ్చింది, 2025 జనవరిలో నిజామాబాద్‌లో ప్రారంభమైంది. ఆలస్యమైనా వచ్చింది, కాదనను. బాండు పేపర్ సంగతి ఎత్తితే ఓనరు "అది నా దగ్గర కొట్టియ్యలే" అని చేతులెత్తేస్తాడు.

ఈ షాపు దగ్గర నేను నేర్చుకున్న వ్యాపార సూత్రం ఒకటుంది. పెళ్లికి, పుట్టినరోజుకు, శ్రద్ధాంజలికి సగం అడ్వాన్సు చాలు, మిగతాది డెలివరీ అప్పుడు. పార్టీ ఆర్డరైతే మొత్తం ముందే, ఫోన్‌పేలో డబ్బులు పడ్డ చప్పుడు వినిపిస్తేనే మెషీన్ ఆన్. ఎందుకని అడిగితే "గెలిచినోడు బిజీ, ఓడినోడు స్విచాఫ్" అన్నాడు. మొదట్లో అరువు పెట్టి దెబ్బతిన్నాడట. కార్మికులు జీతాల బకాయిల కోసం దీక్ష పెట్టుకున్నప్పుడు మాత్రం అరువిస్తాడు, వాళ్లు తలా కొంత వేసుకుని ఆలస్యంగా అయినా కడతారట. ఇలాంటి చోట ఎవరి క్రెడిట్ స్కోరు ఎంతో బ్యాంకు చెప్పక్కర్లేదు.

ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారా అని మాత్రం అక్కడ ఎవర్నీ అడక్కండి, స్టూలు మీది పెద్దాయన మొదలుపెడితే మీ డిజైన్ సాయంత్రానికి పోతుంది. ఆయన చెప్పేదాంట్లో విషయం ఉంది గానీ. చెరకు నాటితే చేతికి రావడానికి ఏడాది. మిల్లు నడుస్తుందన్న నమ్మకం ఉంటేనే రైతు నాటుతాడు. లేఆఫ్ తర్వాత కాలువ కింద అందరూ వరికి మారిపోయారు, వరి నాలుగు నెలల పంట, అమ్ముకోవడానికి కొనుగోలు కేంద్రం ఉంది. మిగిలిన కొద్దిమంది చెరకు లారీల్లో కామారెడ్డి వైపో, మహారాష్ట్రకో తోలుతున్నారు. ఇప్పుడు రేపే మిల్లు తెరిచినా ముందు చెరకు కావాలి, చెరకు నాటాలంటే మిల్లు నడుస్తుందని నమ్మాలి, నమ్మించాల్సినవాళ్ల మాట మీద నమ్మకం ఈ ఫోల్డర్‌లోనే అరిగిపోయింది. మిషన్లకు డబ్బు పెడితే కొత్తవి వస్తాయి. ఒక రైతు చేత ఎకరం చెరకు నాటించడానికి ఏ కమిటీ రిపోర్టు సరిపోతుందో నాకైతే తెలియట్లేదు. పెద్దాయన మాటల్లో, "మిల్లుకు తుప్పు పడితే గీకొచ్చు, రైతుకు పడితే ఏంతోటి గీకుతరు?"

సరే, వాడిన తర్వాత మెటీరియల్ ఎంతకాలం ఆగుతుందన్నది రివ్యూలో రాయాలి కదా. దీనికి ఊరంతా టెస్టింగ్ ల్యాబే. ఎన్నికలు అయిన మర్నాడు ఫ్లెక్సీలు కనపడవు, మున్సిపాలిటీ వాళ్లు తీసేలోపే జనం విప్పుకుపోతారు. పాత క్వార్టర్స్‌లో కప్పు కారే చోట, బాత్రూమ్ అడ్డంగా, కోళ్ల గూడు మీద, వడ్ల కుప్పల మీద. ఏప్రిల్, మేలో అకాల వాన పడితే కొనుగోలు కేంద్రం దగ్గర టార్పాలిన్లు చాలవు, అప్పుడు చూడాలి, వరస కుప్పల మీద అన్ని పార్టీల నాయకులూ కలిసిమెలిసి వానలో తడుస్తుంటారు. మా బాబాయి ఇంటి వెనక రేకుల మీద ఒకటి పరిచాడు, నార్మల్ ఫ్లెక్సే, ఒక వానాకాలం ఆగింది, రెండో ఎండాకాలానికి పెళుసై ముక్కలైంది. బ్లాక్ బ్యాక్ అయితే ఇంకా ఎక్కువ వస్తుంది, అది పెద్ద లీడర్ల సభల్లోనే దొరుకుతుంది కాబట్టి దానికి పోటీ ఎక్కువ. వడ్ల మీద కప్పితే ప్రింటు వైపు పైకి ఉండేలా చూసుకోండి, తడి వడ్లకు ఇంకు అంటితే కొనుగోలు దగ్గర పేచీ పెడతారు. 2022 జూలై నుంచి 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు నిషేధం అని గుర్తుంచుకోండి, మరీ చవగ్గా ఇస్తామనే షాపుల్లో ఇదొక్కటి అడిగి చూడండి, సమాధానం చెప్పరు.

ఇక మైనస్‌లు. డిజైన్ చేసే అబ్బాయి ఫోన్ చూస్తూ టైప్ చేస్తాడు. అను ఫాంట్లో ఒత్తులు తప్పు పడితే గమనించడు. మా బ్యానర్ మీద 'పూర్వ విద్యార్థుల సమ్మేలనం' అని వచ్చింది, వాట్సాప్‌లో పంపిన ప్రూఫ్‌లో సరిగ్గానే ఉంది, తర్వాత పేర్లు మార్చినప్పుడు ఎక్కడో పోయింది. మళ్లీ కొట్టమంటే సగం రేటుకు కొడతానన్నాడు, వాళ్ల తప్పుకు మేమెందుకు సగం కట్టాలని వాదిస్తే ఆ అక్షరం వరకు చిన్న ముక్క కొట్టి మీద అతికించి ఇచ్చాడు. దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. మా తెలుగు సారు దగ్గరికెళ్లే చూశారు.

బిల్లు అడిగితేనే ఇస్తాడు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుంది గానీ ప్రింటర్ నడవదు, మాది ఆ లెక్కన ఒక పూట ఆలస్యమైంది, రాత్రి తొమ్మిది దాటాక తనే బండి మీద తెచ్చిచ్చాడు, దానికి డబ్బులు తీసుకోలేదు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక మాత్రం వెళ్లకండి. మీ పెళ్లి ఫ్లెక్సీ వరుసలో ఎక్కడో కింద ఉంటుంది, ఎంత తెలిసినవాళ్లయినా "అన్నా రేపు" అంటాడు.

ఐదుకు నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటీ సమ్మేళనంలో పోయింది. ఇంకో మాట, ఐలెట్లు, అంటే తాడు కట్టే రింగులు, మూలకు రెండు కొట్టమని నోరు తెరిచి అడగండి. అడక్కపోతే ఒకటే కొడతారు, మా దగ్గర గాలికి గేటు దాకా తీసుకెళ్లేలోపే చిరుగుతుంది.